ఆరువందల పన్నెండుకి జోడీ

"సరిగ్గా నాలుగింటికి జీపు కదులుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీ అక్కగారిని కోర్టుకి తీసుకెళ్తున్నాను. ఈలోగా మీ తెలివితేటలన్నీ చూపించుకోండి, డిటెక్టివ్ గారూ. నేనేం అడ్డు రాను."

గోడ గడియారంలో రెండూ పది. డిటెక్టివ్ జవాబు చెబుదామని నోరు తెరిచాడు. మాటకి బదులు ఎక్కిలి వచ్చింది.

భయపడే డిటెక్టివ్ ఎక్కడైనా ఉంటాడా అని అడిగేవాళ్ళకి ఒకటే జవాబు. ఉంటాడు, ఇదిగో ఇతనే. పదహారేళ్ళుగా ఇదే వృత్తి. అయినా చీకటి మెట్లంటే భయం, కుక్కలంటే భయం, పోలీసు బూట్ల చప్పుడంటే మరీ భయం. ధైర్యవంతుడు దేన్నైనా ఒకసారి చూసి వెళ్ళిపోతాడు, పిరికివాడు నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూస్తాడు. ఇతను గెలిచిన కేసులన్నీ ఆ నాలుగోసారి చూసినప్పుడు గెలిచినవే.

కానీ ఇవాళ్టి భయం వేరు. అమ్మ పోయాక తనకి అన్నం పెట్టి, బడికి పంపి, ఇంతవాణ్ణి చేసిన అక్క ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన ఆడ కానిస్టేబులు. మోపింది హత్య నేరం. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది గాని, వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి.

"అదుగో, మొదలయ్యాయి," అంది అక్క, ఆ కష్టంలో కూడా తమ్ముణ్ణే చూస్తూ. "వీడికి చిన్నప్పటినుంచీ ఇంతేనండీ. చిన్న భయానికి ఎక్కిళ్ళొస్తాయి, పెద్ద భయానికి ఆగిపోతాయి. కాసిని మంచినీళ్ళివ్వండి ఎవరైనా."

నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చినవాడు చిన్న మాస్టారు. నలభై అయిదేళ్ళుంటాయి. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు. "ఎక్కిళ్ళంటే ఎవరో తలుచుకుంటున్నారన్న మాట," అన్నాడు డిటెక్టివ్‌తో, జాలిగా నవ్వుతూ. పొద్దుట్నుంచీ ఈ ఆఫీసులో తనతో మనిషిలా మాట్లాడింది ఈయనొక్కడే. డిటెక్టివ్‌కి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది.

ఇది నిఘంటువు ఆఫీసు. కింద ప్రెస్, పైన రెండే గదులు: ముందు గది, లోపల కార్డుల గది. పన్నెండేళ్ళుగా పెద్ద మాస్టారు ఇక్కడ ఒకటే పుస్తకం రాస్తున్నాడు. దాన్నిండా ఒకేలా కనిపించే ఇంగ్లీషు మాటలు, వాటి మధ్య వెంట్రుకవాసి తేడాలు. చెవిన పడితే హియర్, చెవి ఒగ్గితే లిజన్. ఒక్కడే ఉంటే అలోన్, ఒక్కణ్ణైపోయానే అని కుమిలితే లోన్లీ. రెండూ ఒకటేగా అని ఎవరైనా అంటే ఆయనకి ఆ పూట అన్నం సహించేది కాదు. కార్డులు రాసేది అక్క, ఎనిమిదేళ్ళుగా ఆయన కింద సంపాదకుడు, తనూ కొన్ని కార్డులు రాసే చిన్న మాస్టారు, మిగిలిన పనులన్నిటికీ ఒక అటెండరు. అంతే జనం.

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి పెద్ద మాస్టారు కార్డుల గదిలో నిచ్చెన మీంచి పడ్డాడు. ఆరో మెట్టు ఊడి వచ్చింది. ఇనప బల్ల అంచు తలకి తగిలింది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, అక్కడికక్కడే ప్రాణం పోయింది. ప్రెస్‌వాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి ఆయన గుప్పిట్లో ఒక కార్డుంది. ఆ కార్డు మీది చేతిరాత అక్కది.

ఇన్‌స్పెక్టర్ దాన్ని పారదర్శకంగా ఉన్న కవర్లోంచి చూపించాడు. పైన నంబరు, ఆరువందల పన్నెండు. దాని కింద 'వార్న్' అని మాట. దాని కింద ఉదాహరణ: "మాస్టారూ, ఆరో మెట్టు ఊడిపోయేలా ఉంది, ఎక్కకండి." చివర్న: "నేనే అన్నది, ఉదయం 10.05."

"చదివారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆయన పడింది ఆరో మెట్టు మీంచి. మూడున్నర గంటల ముందే ఆరో మెట్టని రాసిపెట్టిందెవరు? పోయిన వారం ఆయన ఈవిణ్ణి నానా మాటలూ అన్నాడట, రెండ్రోజులు పలకరింపుల్లేవట. బెదిరింపు చీటీ రాసింది, అన్నంత పనీ చేసింది."

"తిట్టారని మీకెవరు చెప్పారు?"

"గోడలకి చెవులంటారు. ఈ ఆఫీసులో గోడలకి నోళ్ళు కూడా ఉన్నాయిలే."

"తిట్టారు, నిజమే," అంది అక్క. "స్టీల్‌కి రాబ్‌కి ఉదాహరణలు తారుమారు చేశాను. పోయిన వస్తువుకి ఒక మాట, పోగొట్టుకున్న మనిషికి ఇంకో మాట, ఇన్నేళ్ళొచ్చాయి ఇంకా తెలీదా అని గంటసేపు తిట్టారు. పన్నెండేళ్ళుగా తిడుతూనే ఉన్నారండీ. ఒకరోజు తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడేవాళ్ళం."

"అది బెదిరింపు చీటీ కాదు, ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు డిటెక్టివ్, ఎక్కిలి మింగుతూ. "హెచ్చరిక."

"రెండూ ఒకటేనయ్యా!"

"ఒకటెలా అవుతాయండీ?" అక్క స్టూలు మీంచి సగం లేచింది. కానిస్టేబులు భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. "హెచ్చరికలో ఆపద ఎక్కడో బయట ఉంటుంది. చెప్పేవాడికి అది తప్పిపోవాలని ఉంటుంది. బెదిరింపులో ఆపద చెప్పేవాడి చేతిలోనే ఉంటుంది. అందుకేగా రెండు మాటలు!"

"ఆ పాఠం కోర్టులో చెప్పమ్మా. నాకు మనిషి పోయాడు, మెట్టు ఊడింది, కార్డు దొరికింది. అంతవరకే తెలుసు."

రెండూ ఇరవై అయిదు.

డిటెక్టివ్ అక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పుడు లెక్కలు చెప్పించుకునేటప్పుడు కూర్చున్నట్టే.

"అక్కా, నువ్వు చెప్పిన మాటని నువ్వే కార్డు మీద ఎందుకు రాశావు?"

"ఇక్కడి నియమం అదిరా. కల్పించిన వాక్యం పనికిరాదు. ఎవరో ఒకరు నిజంగా అని ఉండాలి, మనం చెవులారా విని ఉండాలి. ఎవరన్నారు, ఎన్ని గంటలకి అన్నారు, రాయాలి. కల్పించి రాస్తే పెద్ద మాస్టారికి అది దొంగతనం కన్నా ఎక్కువ. నిన్న పొద్దున నిచ్చెన తుడుస్తుంటే మెట్టు ఊగింది, ఆయనతో చెప్పాను. చెప్పగానే, ఇదేదో వార్న్‌కి పనికొస్తుందే అనిపించి రాసేశాను. ఆయన కూడా నవ్వి, 'భేష్, దీనికి జోడీ నేను వెతుకుతాను' అన్నారు."

"జోడీ అంటే?"

"మాటలు రెండేసి ఉంటాయిగా. మొదటి మాటకి కార్డు నేను రాస్తాను, రెండో మాటకి ఆయన రాస్తారు. రెంటికీ ఒకటే నంబరు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, అప్పుడు దేని సొరుగులో దాన్ని వేస్తారు. ఆయన కార్డులు ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు."

"ఈ ఆరువందల పన్నెండుకి జోడీ రాశారా?"

అక్క కళ్ళు ఎక్కడికో వెళ్ళాయి. "రాసే ఉంటారు. నేను కింద ప్రెస్‌లో ఉంటే పన్నెండున్నరకి ఫోన్ చేశారు. 'అమ్మాయ్, నీ ఆరువందల పన్నెండుకి జోడీ దొరికింది. ఇప్పుడే, వేడివేడిగా దొరికింది' అన్నారు. నవ్వారు కూడా. ఆ నవ్వు ఎందుకో బాగాలేదురా. ఏమైంది మాస్టారూ అంటే, సాయంత్రం చెబుతానన్నారు."

ఖాళీ గ్లాసు తీసుకెళ్ళడానికి వంగిన చిన్న మాస్టారు నిట్టూర్చాడు. "పాపం, ఆఖరి నిమిషం దాకా పని మీదే ధ్యాస. ఆ జోడీ కార్డేదో నేను వెతికి పెట్టనా?"

"లోపలికి ఎవరూ వెళ్ళడానికి లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, జేబులో తాళంచెవి తడుముకుంటూ. "ఈయనొస్తానంటే నా వెంట రావచ్చు. చేతులు కట్టుకుని."

డిటెక్టివ్ లేచాడు. లేస్తూనే, అలవాటు కొద్దీ, చిన్న మాస్టారి వైపు తిరిగాడు. "నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారండీ?"

"లైబ్రరీలో. పదకొండు నుంచి రెండు దాకా. రిజిస్టర్లో సంతకం ఉంది."

"లోపలికి వెళ్ళేటప్పుడా, బయటికొచ్చేటప్పుడా?"

"వెళ్ళేటప్పుడే పెట్టించుకుంటారండీ. వచ్చేటప్పుడు ఎవరడుగుతారు?" చిన్న మాస్టారు మళ్ళీ జాలిగా నవ్వాడు. "మీ పని మీరు చెయ్యాలి, అడగండి, నేనేమీ అనుకోను."

డిటెక్టివ్‌కి సిగ్గేసింది. నీళ్ళిచ్చిన మనిషిని పట్టుకుని ఆరా తీస్తున్నాను, ఛీ, అనుకున్నాడు. ఆ సిగ్గులో అసలు తను ఏమడగాలో అది అడక్కుండానే ఇన్‌స్పెక్టర్ వెనక నడిచాడు.

కార్డుల గదికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ. ఎదుటి గోడంతా, నేల నుంచి కప్పు దాకా, చెక్క సొరుగులు. ఒక్కో సొరుగు మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం. మొదటి అక్షరాలు కింది వరసలో, ఆఖరివి పైవరసలో. టీ సొరుగు నిలబడి అందుకునేంత ఎత్తులో ఉంది. డబ్ల్యూ సొరుగు మాత్రం కప్పుకి ఆనుకుని ఉంది, నిచ్చెన లేందే అందదు. అది సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

నేల మీద సుద్దతో గీసిన మనిషి ఆకారం. దాన్ని తొక్కకుండా వెళ్ళడానికి డిటెక్టివ్ గోడకి అతుక్కుపోయాడు. ఇన్‌స్పెక్టర్ చూసి మీసం కింద నవ్వుకున్నాడు.

"భయమా?"

"భయమేనండీ," అన్నాడు డిటెక్టివ్. ఈ విషయంలో అతను ఎప్పుడూ అబద్ధమాడడు.

నిచ్చెన పడకేసి ఉంది. పక్కన ఊడిన మెట్టు. అతను వంగి చూశాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి చూసేటప్పుడు ఎక్కిళ్ళు తగ్గాయి. పని దొరికితే అతని భయం కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది.

"మెట్టు విరగలేదు," అన్నాడు.

"విరిగిందని నేనెప్పుడన్నాను? మీ అక్క విప్పింది."

"మిగతా మెట్లు చూడండి. స్క్రూలు తుప్పు పట్టాయి, మీద పాత రంగు పేరుకుపోయింది. ఈ ఆరో మెట్టుకి మాత్రం స్క్రూలే లేవు. పాత కన్నాల పక్కన నాలుగు కొత్త కన్నాలున్నాయి. లోపల చెక్క తెల్లగా ఉంది. కింద చూడండి, చెక్కపొడి. ఎవరో దీన్ని మళ్ళీ బిగించారండీ. బిగించాక మళ్ళీ ఎవరో విప్పారు."

ఇన్‌స్పెక్టర్ నవ్వు మీసం కింద ఆగిపోయింది. "బిగించిందెవరు?"

"ఈ ఆఫీసులో మేకు కొట్టాలన్నా బల్బు మార్చాలన్నా ఎవర్ని పిలుస్తారు?"

అటెండరు లోపలికి రావడానికే తలుపు చిన్నదైంది. అంత మనిషి. వస్తూనే చేతులు జోడించాడు.

"నిన్న ఈ నిచ్చెన ముట్టుకున్నావా?" అన్నాడు డిటెక్టివ్.

అటెండరు ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు, నేల మీది సుద్దగీతని చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. "ముట్టుకున్నా బాబూ. అమ్మగారు చెప్పారని పెద్ద మాస్టారు నన్ను పిలిచి బాగు చెయ్యమన్నారు. నాలుగు కొత్త స్క్రూలేశా. ఆఖరిది బిగిస్తుంటే కింద ప్రెస్‌లో పదకొండున్నర టీ గంట కొట్టారు. ఆరో మెట్టు మీద నేనే ఎక్కి నిలబడి చూశా. నా బరువెంతో చూస్తున్నారుగా! నన్ను మోసిన మెట్టు ఆయన్ని మోయదా? చిటికెడంత మనిషి, పాపం."

"మరి నాకు చెప్పవేం?" అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"మీరడగలేదు బాబూ. అడక్కుండా చెబితే నన్నే లోపలేస్తారని..."

"తరవాత ఎక్కడికెళ్ళావు?"

"కిందికే. పుస్తకాల కట్టలు లారీకెక్కించా, రెండింటిదాకా. పదిమంది చూశారు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "మీ లెక్క ప్రకారం మెట్టు పదింటికే పాడైంది, పాడుచేసింది మా అక్క. కానీ పదకొండున్నరకి అది బాగైంది. ఒంటిగంటా నలభైకి ఊడింది. విప్పినవాడెవడైనా ఈ మధ్యలోనే విప్పాలి. మా అక్క పదకొండుంబావుకే ప్రెస్‌కి దిగింది. మెట్టు బాగు చేశారన్న సంగతి కూడా తనకి తెలీదు. ప్రెస్‌లో ప్రతి ప్రూఫు కాగితం మీదా తీసుకున్న టైమూ ఇచ్చిన టైమూ రాసి ఫోర్‌మన్ సంతకం పెడతాడు. తెప్పించి చూడండి."

కానిస్టేబులు వెళ్ళి కాగితాలు తెచ్చేసరికి మూడూ పది. మొత్తం తొమ్మిది కాగితాలు. పదకొండుంబావు నుంచి ఒకటీ నలభై అయిదు దాకా, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా పావుగంట కూడా ఖాళీ లేదు. ఇన్‌స్పెక్టర్ వాటిని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదువుతున్నట్టు నటించాడు.

"తీసుకెళ్ళండి మీ అక్కని," అన్నాడు చివరికి, కాగితాలు మడుస్తూ. "కానీ ఒకటి చెబుతా వినండి. నిచ్చెన విప్పింది ఈవిడ కాకపోతే, విప్పినవాడు బయట తిరుగుతున్నట్టేగా. నా స్టూలు మీద కూర్చున్నంతసేపు ఈవిడ వెంట్రుక కూడా ఎవడూ ముట్టుకోలేడు. మీరు గెలిచాననుకుంటున్నారు. ఏం గెలిచారో చూసుకోండి."

"ఓడిపోయినవాళ్ళు అలాగే అంటారండీ," అన్నాడు డిటెక్టివ్. పదహారేళ్ళలో పోలీసుకి ఎదురు చెప్పడం అతనికిదే మొదటిసారి. ఒళ్ళంతా తేలికైపోయింది.

ముందు గదిలో అక్క లేచి నిలబడింది, నిలబడలేక మళ్ళీ కూర్చుంది. అతను చెయ్యి పట్టుకున్నాడు. మంచుముద్దలా ఉంది. నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదట.

"ఇంటికెళ్దాంరా," అంది.

చిన్న మాస్టారు తలుపు దగ్గరే ఉన్నాడు. "వెంటనే తీసుకెళ్ళండి," అన్నాడు. "ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను, తాళాలవీ వేసి వస్తాను. ఒక్క మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. అక్కగారిని ఒంటరిగా వదలకండి. ఆ పని చేసినవాడెవడో ఇంకా తేలలేదు. ఈవిడ ఏం విన్నదో, ఏం చూసిందోనని వాడికీ గుండెల్లో గుబులుగానే ఉంటుంది."

డిటెక్టివ్ అక్క చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నిజమే. ఆ మాట తనకెందుకు తట్టలేదు? అదే సమయంలో లోపలి గది తలుపు తెరిచే ఉండటం, గోడ నిండా సొరుగులు కనిపించడం అతన్ని అక్కడే పట్టి ఉంచాయి. ఆ జోడీ కార్డు చూడాలి. కాగితాల హడావిడిలో ఇన్‌స్పెక్టర్ తాళం వెయ్యడం మరిచాడు, ఇప్పుడు చూడకపోతే రేపటికి మళ్ళీ వేసేస్తాడు.

"నాకిక్కడ ఇంకో అరగంట పనుందండీ," అన్నాడు. "మీకు కారుందిగా. అక్కని ఇంటిదగ్గర దింపి, నేనొచ్చేదాకా కాస్త తోడుంటారా? మీకు పుణ్యముంటుంది."

చిన్న మాస్టారు కార్డుల గది వైపు ఒకసారి చూశాడు, అక్క వైపు ఒకసారి చూశాడు.

"అలాగే," అన్నాడు. "తప్పకుండా."

మూడున్నరకి కారు వెళ్ళింది. కిటికీలోంచి అక్క చెయ్యూపింది. అయిదు నిమిషాల తరవాత జీపు కూడా, అటెండరు వాంగ్మూలం రాయించుకోవడానికి అతన్ని ఎక్కించుకుని, స్టేషన్‌కి వెళ్ళిపోయింది. ప్రెస్‌కి ఇవాళ సెలవు. మేడంతా మూగబోయింది. తన చెప్పుల చప్పుడు తనకే ఎవరో వెంట వస్తున్నట్టు వినిపించి, డిటెక్టివ్ చెప్పులు విప్పేసి కార్డుల గదిలోకి వెళ్ళాడు.

బెదిరించడానికి ఇంగ్లీషులో థ్రెటన్. అంటే టీ సొరుగు. లాగాడు.

మొదట కళ్ళబడింది ఎర్ర సిరా. ఒక కార్డు మీద అడ్డంగా కొట్టేసిన గీత, పక్కన పెద్ద మాస్టారి వంకర అక్షరాలు: "ఎవరన్నారు? ఎప్పుడన్నారు?" తరవాతి కార్డు మీద అదే. ఆ తరవాత, "కల్పితం." మళ్ళీ, "కల్పితం. లైబ్రరీకెళ్ళి కూర్చుని రాసింది." పది, ఇరవై, యాభై. కొట్టేసిన కార్డులన్నీ ఒకటే చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు. అక్కది కాదు, పెద్ద మాస్టారిది కాదు. ఈ ఆఫీసులో రాసేవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు?

ఎక్కిలి వచ్చింది.

కార్డులు ఒక్కొక్కటే వెనక్కి తోశాడు. ఆరువందల తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు.

పెద్ద మాస్టారి అక్షరాలు. "థ్రెటన్" అని మాట. కింద వాక్యం:

"నా ఎనిమిదేళ్ళ కార్డులూ రేపు తగలబెడతానంటున్నారు. రేపటిదాకా మీరుంటే కదా!"

దాని కింద: "చిన్న మాస్టారు అన్నది. ఇదే గదిలో. పగలు 12.20."

డిటెక్టివ్ గోడ పట్టుకున్నాడు. పన్నెండూ ఇరవైకి లైబ్రరీలో ఉండాల్సిన మనిషి ఈ గదిలో ఉన్నాడు. పెద్ద మాస్టారు ఆ మాట విన్నాడు, పోట్లాడాడో లేదో గాని, కూర్చుని దాన్ని కార్డు మీద రాసుకున్నాడు. పన్నెండేళ్ళ అలవాటు. చెవులారా విన్న వాక్యం, ఎలా వదులుకుంటాడు? అక్కకి ఫోన్ చేశాడు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. దీన్ని నేల మీద నిలబడే టీ సొరుగులో వేశాడు. అక్క కార్డు పట్టుకుని, దాన్ని దాని చోట పెట్టడానికి, బాగు చేయించిన నిచ్చెనే కదా అని, డబ్ల్యూ సొరుగు దాకా ఎక్కాడు. ఆయన భోజనానికి లేచినప్పుడు దాన్ని ఎవరో మళ్ళీ విప్పారని ఆయనకేం తెలుసు!

ఈ కార్డు ఉందని చిన్న మాస్టారికి నిన్న తెలీదు. ఇవాళ, గ్లాసు తీసుకెళ్ళడానికి వంగినప్పుడు, అక్క నోటినుంచే విన్నాడు. తాళాలవీ వేసి వస్తానన్నది అందుకే. ఈ గదిలో ఒంటరిగా అయిదు నిమిషాలు దొరికితే చాలు, ఈ కార్డు ఉండేది కాదు.

ఆ అయిదు నిమిషాలూ తను దొరకనివ్వలేదు. బదులుగా అక్కనిచ్చి పంపాడు. చేతులారా. పుణ్యముంటుందని బతిమాలి మరీ.

అక్కగారిని ఒంటరిగా వదలకండి. ఆ మాటని తను హెచ్చరిక అనుకున్నాడు. ఆపద ఎక్కడో బయట లేదు. చెప్పినవాడి చేతిలోనే ఉంది.

అతను బల్ల దగ్గరికి పరుగెత్తి ఫోనెత్తాడు. ఇంటి నంబరు తిప్పాడు, తప్పు పడింది. మళ్ళీ తిప్పాడు. ఎంగేజ్. పెట్టేసి మళ్ళీ తిప్పాడు. ఎంగేజ్. ఇంట్లోంచి ఎవరు ఎవరికి చేస్తున్నారు? స్టేషన్‌కి చెయ్యాలి, ఇన్‌స్పెక్టర్ కాళ్ళు పట్టుకోవాలి, మీరే గెలిచారండీ, జీపు తీయండి అనాలి. స్టేషన్ నంబరు కోసం జేబులు తడుముకుంటూ రిసీవరు కింద పెట్టాడు.

పెట్టిన మరుక్షణం ఫోన్ మోగింది.

"ఇంకా అక్కడే ఉన్నారా?" అదే మెత్తటి గొంతు. "మేం క్షేమంగా చేరాం. అక్కగారికి నీళ్ళిచ్చాను. ఇంతకీ మీకక్కడేమైనా దొరికిందా?"

ఏమీ తెలీనట్టు మాట్లాడాలి. వాడికి అనుమానం రాకూడదు. దొరకలేదంటే చాలు, అక్క బతుకుతుంది. డిటెక్టివ్ రిసీవరుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు.

"ఏం దొరుకుతుందండీ? ఏవో పాత కార్డులు, అంతా దుమ్ము. నేను బయల్దేరుతున్నా..."

ఎక్కిలి వచ్చింది. ఆపుకుందామని పెదాలు బిగించాడు. ఇంకొకటి, ముందుదానికన్నా గట్టిగా.

ముందు గదిలో గడియారం నాలుగు కొట్టడం మొదలుపెట్టింది. జీపు కదలాల్సిన వేళ.

"అయ్యో, ఎక్కిళ్ళా?" అన్నాడు చిన్న మాస్టారు, ఎంతో జాలిగా. "అక్కగారు తలుచుకుంటున్నట్టున్నారు. ఇక్కడే ఉన్నారు, నా పక్కనే. ఒంటరిగా వదల్లేదు."

డిటెక్టివ్‌కి ఎక్కిళ్ళు ఆగిపోయాయి.